ముందు ముల్లు మార్చండి

ప్రశ్న: నాకు యాభై దాటాయి. ఉద్యోగం పేరు చెప్పి ఇరవై ఏళ్లు పుణేలో ఉండి, ఈమధ్యే విశాఖపట్నం మహారాణిపేటలో మా పాత ఇంటికి వచ్చేశాం. అటక మీద నాన్నగారి రికార్డులు బయటపడ్డాయి. ఓ నలభై చిన్న ఈపీలు, పాతిక దాకా ఎల్‌పీలు, పది పదిహేను బరువైన పాత గ్రామఫోన్ ప్లేట్లు. హుద్‌హుద్ తుఫానప్పుడు కిటికీ ఊడిపోయి కొన్ని తడిశాయట, ఆ కవర్లు ప్లేట్లకి అంటుకుపోయి ఉన్నాయి. ఆయన వాడిన హెచ్‌ఎంవీ ఫియస్టా రికార్డు ప్లేయర్ కూడా ఉంది. తిరుగుతోంది గానీ పాట రావడం లేదు. నేను చాలా ఏళ్లుగా ఫోన్లోనే వింటున్నాను. నిజం చెప్పొద్దూ, ఏ పాటా చివరిదాకా వినడం లేదు. రికార్డులు మళ్లీ మొదలుపెడదామని ఉంది. శబ్దం నిజంగా అంత బాగుంటుందా? ఏ ప్లేయర్ కొనాలి? సముద్రం పక్కన ఇవి నిలుస్తాయా? మా అబ్బాయేమో "అన్నీ ఫోన్లో ఉన్నాయి కదా నాన్నా" అంటాడు. మా ఆవిడ ఇల్లు పాత సామాన్ల కొట్టు అయిపోతుందంటోంది. ఈలోగా తెలిసినాయన ఒకరు మొత్తం కట్ట పన్నెండు వేలకి తీసుకుంటానంటున్నారు. ఇచ్చెయ్యమంటారా?

మహారాణిపేట నుంచి ఒక పాఠకుడు

సమాధానం: పన్నెండు వేలాయన్ని ఓ నెల ఆగమనండి. ఆ సంగతి చివర్లో చూద్దాం.

శబ్దం విషయం ముందే తేల్చేస్తాను, ఎందుకంటే చాలామంది డబ్బు తగలేసుకునేది ఇక్కడే. కొలిచి చూస్తే ఎల్‌పీ కన్నా సీడీదే పైచెయ్యి. 1982లో వచ్చిన సీడీ మీద అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ దాకా తేడా పట్టించొచ్చు. మంచి ఎల్‌పీ మీద అది 60, 70 దగ్గర ఆగిపోతుంది. ఇంకో చిక్కుంది. ప్లేటు ఒకే వేగంతో తిరుగుతుంది కదా, ముల్లు లోపలికి జరిగేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. అంచు దగ్గర ముల్లు కింద సెకనుకి 50 సెంటీమీటర్ల గాడి నడిస్తే, ఆఖరి పాట దగ్గరికొచ్చేసరికి అది 20 చిల్లరకి పడిపోతుంది. అంత తక్కువ చోట అంతే పాట ఇరికించాలి. అందుకే చివరి పాటల్లో స, శ అక్షరాలు గీరుకుపోయినట్టు వినిపిస్తాయి. పాడినవాళ్ల తప్పేం లేదు. రికార్డులో ఏదో 'వెచ్చదనం' ఉందని లక్షలు పోసేవాళ్లున్నారు. వాళ్ల ముచ్చట వాళ్లది, నాకు మాత్రం ఆ మాట మీద పెద్ద నమ్మకం లేదు.

అయితే మీ అబ్బాయి మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఫోన్లో దొరికే పాత తెలుగు పాట ఎక్కడి నుంచి వచ్చింది? చాలాసార్లు ఎవరో ఒక ప్లేటో, అరిగిన టేపో పెట్టి ఎక్కించిందే. ఎక్కించేటప్పుడు వేగం సరిగ్గా చూసుకోక శ్రుతి జరిగిపోయినవి ఉంటాయి. పల్లవికి ముందున్న వీణ బిట్టు కోసేసినవి ఉంటాయి. హోరు తీసేస్తామని గొంతులో జీరని కూడా తీసేసినవీ, కింద కొత్త డ్రమ్ములు కలిపినవీ కొల్లలు. మీ నాన్నగారు జాగ్రత్తగా వాడిన ఈపీ అయితే, ఆ పాటకి మీకు అందుబాటులో ఉన్న మంచి కాపీ అదే కావచ్చు.

ఇక సినిమా పాటలు వదిలేసి ఆ బరువు ప్లేట్లు తియ్యండి. వాటిమీద పద్యాలో, హరికథో, బుర్రకథో, హాస్య సంభాషణో, సినిమాతో సంబంధం లేని ప్రైవేటు పాటలో ఉన్నాయేమో చూడండి. రంగస్థల నటులు ఆ రోజుల్లో పద్యాలు విరివిగా ప్లేట్లకిచ్చారు. మన ఉత్తరాంధ్ర ఇళ్లలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ ప్లేటు ఉన్నా ఆశ్చర్యపోను. విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసినాయన, ఇలాంటి బరువు ప్లేట్లు ఇచ్చారు. పేర్లు చదివి మీ అబ్బాయినే ఫోన్లో వెతకమనండి. ఒకటి రెండైనా దొరక్కపోతే ఆ వాదన అక్కడితో సరి.

కాబట్టి నా మాట ఒక్కటే. యంత్రం చూసుకుని రికార్డులు కొనుక్కోకండి. ఇంట్లో ఉన్న రికార్డుల్ని చూసుకుని యంత్రం కొనండి. మీ దగ్గర మూడు జాతులున్నాయి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్‌పీని కొలంబియా వాళ్లు 1948లో తెచ్చారు, 45 చుట్ల చిన్న ప్లేటుని మరుసటి ఏడు ఆర్‌సీఏ విక్టర్ తెచ్చింది, మీ ఈపీలు ఈ రకమే. ఈ రెండూ వినైల్, అంటే ప్లాస్టిక్కే. మూడోది నిమిషానికి 78 చుట్లది, మీ బరువు ప్లేట్లు. అది లక్కతో చేసింది, ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర పాట పడుతుంది. మన దేశంలో 1960ల్లో కూడా ఇవి అమ్మారు. చెయ్యి జారితే మట్టి మూకుడులా పగులుతుంది, పిల్లల చేతికివ్వకండి.

ముఖ్యమైన సంగతి ముల్లు. 78 గాడి వెడల్పు, ఎల్‌పీ గాడి సన్నం. 78కి వాడే ముల్లు కొన వ్యాసార్థం 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉంటుంది, ఎల్‌పీకి 18 నుంచి 25. ఎల్‌పీ ముల్లుతో 78 పెడితే అది గాడి గోడల్ని పట్టుకోకుండా అడుగున ఉన్న దుమ్ములో దేకుతుంది, మీకు గరగర తప్ప వయొలిన్ వినిపించదు. ఇదే తిరగేసి చేశారా, ఎల్‌పీ శాశ్వతంగా పాడవుతుంది.

ఫియస్టా సంగతి. తిరుగుతోంది, పాట రావడం లేదంటే నా అనుమానం కార్ట్‌రిడ్జ్ మీద, అంటే ముల్లుని పట్టుకుని దాని కదలికని కరెంటుగా మార్చే చిన్న తల మీద. ఆ కాలపు ప్లేయర్లలో చాలావాటికి క్రిస్టల్ కార్ట్‌రిడ్జ్ ఉండేది. అందులో ఉండేది రోషెల్ సాల్ట్ అనే ఒకరకం ఉప్పు. ముల్లు కదిలితే ఆ పలుకు మీద ఒత్తిడి పడి కరెంటు పుడుతుంది. ఉప్పు కాబట్టి గాలిలో తేమ పీల్చుకుని క్రమంగా చచ్చిపోతుంది. విశాఖపట్నంలో అన్నేళ్లు అటక మీద ఉంటే అది బతికుండటమే వింత. మెకానిక్ సిరామిక్ రకం అమరిస్తే మళ్లీ పాడుతుంది. పాడించుకోండి, ముచ్చట తీర్చుకోండి, కానీ మంచి ఎల్‌పీలు దానిమీద పెట్టొద్దు. ఆ పాత తలలు గాడిని ఐదు గ్రాములో అంతకన్నా ఎక్కువో బరువుతో నొక్కుతాయి. ఇప్పటి కార్ట్‌రిడ్జ్‌లు రెండు గ్రాముల దగ్గర పనిచేస్తాయి. ఈమధ్య ఆన్‌లైన్లో రంగురంగుల సూట్‌కేసు ప్లేయర్లు చవగ్గా అమ్ముతున్నారు చూడండి, వాటిలోనూ చాలావరకు అదే సిరామిక్ తల, అదే బరువు. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. కొనకండి.

ఎల్‌పీలు, ఈపీలే ఉంటే ఆడియో-టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ లాంటిది చాలనేవాణ్ణి. మీట నొక్కితే తనే ముల్లు దించి తనే ఎత్తుతుంది, యాంప్లిఫయర్ ముందు పెట్టాల్సిన ఫోనో ప్రీయాంప్ కూడా లోపలే ఉంటుంది. కానీ దానికి 78 వేగం లేదు. మీకున్న ప్లేట్లకి మూడు వేగాలూ ఉన్నది కావాలి. అదే కంపెనీ ఎల్‌పీ120ఎక్స్ యూఎస్‌బీ మీ అవసరానికి సరిపోతుంది. దానితో వచ్చే వీఎం95 కార్ట్‌రిడ్జ్‌కి 78 కోసం ఎస్‌పీ అనే ముల్లు విడిగా దొరుకుతుంది. ముందుకి లాగితే పాతది వచ్చేస్తుంది, కొత్తది తొడగడమే. ముల్లు మార్చినప్పుడల్లా, ముల్లుని మోసే చేతికి వెనక కొసన ఉండే తిప్పుడు బరువు కూడా సరిచెయ్యాలి, 78 ముల్లు ఎక్కువ బరువు అడుగుతుంది. ఖర్చు ఎక్కువే, కాదనను. అంత పెట్టలేకపోతే ఇప్పటికి 33, 45 మాత్రమే ఆడేది తీసుకుని, 78లు జాగ్రత్తగా పక్కన పెట్టండి. వాటికి తొందరేం లేదు.

ప్రీయాంప్ గురించి ఒక ముక్క. ప్లేటు కోసేటప్పుడు కింది స్వరాలు తగ్గించి, పై స్వరాలు పెంచి కోస్తారు. లేకపోతే మృదంగం గాడి పక్క గాడిలోకి పోతుంది. ఏది ఎంత తగ్గించాలో 1954 నుంచి ఆర్‌ఐఏఏ పేరుతో ఒక లెక్క స్థిరపడింది. ఆ లెక్కని తిరగేసి వినిపించేది ఫోనో ప్రీయాంప్. అది లేకుండా నేరుగా యాంప్లిఫయర్‌కి తగిలించి "రికార్డంటే ఇంతేనా, ఇంత పలచగా ఉందేంటి" అని పెదవి విరిచేవాళ్లు ఎక్కువ. రెండుసార్లు ఉన్నా గొడవే. ప్లేయర్‌లోనూ యాంప్‌లోనూ ఉంటే ఒకదాన్ని ఆపెయ్యాలి. వెనక సన్నటి ఎర్త్ వైరు ఉంటే దాన్ని యాంప్ మరకి బిగించండి, జుమ్మనే మోత పోతుంది.

మన ఊళ్లో ప్రతి ఇంటికీ ఓ అమెరికా చుట్టమో, ఓడ మీద పనిచేసే మావయ్యో ఉంటారు. "అక్కడ సెకండ్ హ్యాండ్‌లో మంచి ప్లేయర్ ఉంది, తెచ్చెయ్యనా" అంటారు. తొందరపడి సరేననకండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. వోల్టుల సంగతి ట్రాన్స్‌ఫార్మర్ చూసుకుంటుంది, హెర్ట్జ్‌ని అది ఏమీ చెయ్యలేదు. పాత బెల్టు ప్లేయర్లలో కొన్నిటి మోటారు వేగం ఆ హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది. అలాంటిది ఇక్కడ పెడితే 33⅓ తిరగాల్సింది 28కి తక్కువే తిరుగుతుంది. ఎంత హుషారు పాటైనా జ్వరం పడి లేచినట్టు వినిపిస్తుంది. పుల్లీ మారిస్తే బాగవుతుంది, కానీ ఆ పుల్లీ వెతకడం వేరే తపస్సు. క్వార్ట్జ్ లాక్ ఉన్నవాటికి, అంటే గడియారంలోలా క్వార్ట్జ్ పలుకుతో వేగం నిలబెట్టుకునేవాటికి, ఈ బాధ లేదు.

ఎక్కడ పెట్టాలి? మీది పాత ఇల్లన్నారు కాబట్టి గోడలో దిగేసిన కడపరాయి అరలు ఉండే ఉంటాయి. రికార్డు ప్లేయర్‌కి అంతకు మించిన చోటు లేదు. నేల మీద ఎవరు నడిచినా, పిల్లలు గెంతినా ముల్లుకి తెలియదు. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, నాలుగు వైపులా మట్టం చూసి, కాళ్లు సరిచేసుకోండి. స్పీకర్లు మాత్రం అదే రాతి మీద పెట్టొద్దు, వాటి అదురు తిరిగి ముల్లుకే చేరుతుంది. బ్లూటూత్ స్పీకర్‌తో వినొచ్చా అని మీరు అడగలేదు గానీ అందరూ అడుగుతారు. వినొచ్చు, నేరమేం కాదు. కాకపోతే గాడిలోంచి తీసిన పాటని మళ్లీ డిజిటల్ చేసి పంపుతున్నట్టే, అంత దానికి ఫోనే నయం.

సముద్రం విషయంలో భయం వేరే చోట పెట్టుకోవాలి. ఉప్పుగాలి వినైల్‌ని ఏమీ చెయ్యదు. చేసేది ఇనుముకి, ఇత్తడికి, అట్టకి. ముల్లు తల వెనక ఉండే నాలుగు చిన్న పిన్నులు, వెనక వైర్ల కొసలు పచ్చబడతాయి. ఒక పక్క స్పీకర్ మూగబోతే ముందు అవే తుడవండి, మెకానిక్ తర్వాత. వానాకాలం అట్టలకి బూజు పడుతుంది. అందుకని ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలాడకుండా కట్టేస్తారు కొందరు. ఆ తేమ లోపలే ఉండిపోయి బూజు రెట్టింపవుతుంది. తలుపున్న అల్మారాలో నిటారుగా నిలబెట్టండి, దొంతర పేర్చొద్దు, మధ్యలో ఒకటి రెండు సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. కలరా ఉండలు నేనైతే పెట్టను. అటక మీదకి మాత్రం మళ్లీ ఎక్కించొద్దు. మే నెలలో శ్లాబు కింద ఆ వేడికి ప్లేటు వంగుతుంది. కారు డిక్కీలో వదిలేసినా అంతే.

ఇక హుద్‌హుద్ తడిసినవి. 2014 అక్టోబర్ నుంచి అలాగే ఉన్నాయంటే ఇంకో వారం ఉన్నా కొంప మునగదు, లాగి చింపెయ్యకండి. బ్యాటరీల కొట్లో ఇన్వర్టర్ కోసం డిస్టిల్డ్ వాటర్ అమ్ముతారు కదా, అదే తెచ్చుకోండి. కుళాయి నీళ్లు ఆరాక గాడిలో సున్నపు పొర వదులుతాయి. వినైల్ అయితే అంటుకున్న కాగితం మీద ఆ నీటితో తడిపిన మెత్తటి గుడ్డ వేసి నాననివ్వండి, కాగితం తనే వదులుతుంది. వేణ్ణీళ్లు వద్దు. మధ్యలో లేబుల్ తడవకూడదు, రంగు దిగుతుంది. కాగితం పోయాక, అరలీటరు డిస్టిల్డ్ వాటర్లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండే చుక్కలు వేసి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడి గుండ్రంగా తుడవండి, అడ్డంగా ఎప్పుడూ కాదు. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి. ఆ తర్వాత గిన్నెల స్టాండులో పళ్లేలు నిలబెట్టినట్టు నిలబెట్టి నీడన ఆరబెట్టండి.

78లకి ఈ స్నానం లేదు. కొద్దిగా తడిపిన గుడ్డతో ఒక చుట్టు తుడిచి వెంటనే పొడి గుడ్డ. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ వాటి దరిదాపులకి రానివ్వకండి. వడ్రంగులు చెక్కకి పాలిష్ ఎలా చేస్తారో చూసే ఉంటారు, స్పిరిట్లో లక్క కరిగించే కదా. మీ ప్లేటూ అలాగే కరుగుతుంది.

ఏ పాటా చివరిదాకా వినడం లేదన్నారు. రికార్డు కొంటే ఆ జబ్బు తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, చేతిలో ఫోన్ పెట్టుకుని కూర్చుంటే ప్లేటు గోడకి పాడుకుంటుంది. కొంచెం కిటుకు మాత్రం ఉంది. ఎల్‌పీతో మొదలుపెట్టకండి, వైపుకి ఇరవై నిమిషాల పైన. ఈపీతో మొదలుపెట్టండి. వైపుకి రెండు పాటలు, ఆరేడు నిమిషాలు, తర్వాత లేచి తిప్పాల్సిందే. ఆరేడు నిమిషాలు ఎవరైనా కూర్చోగలరు.

కొత్తవి కొనడానికి తొందరపడొద్దు. ఇప్పుడు రెండు మూడు వేలకి అమ్మే పునర్ముద్రణల్లో చాలావాటికి మూలం డిజిటల్ ఫైలే, మీరు డబ్బిచ్చేది అట్టకి. వన్‌టౌన్ పాత సామాన్ల కొట్లలోనో, ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తుంటేనో పాతవి కనబడితే చూడండి, కానీ ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. నల్లగా మెరిస్తే మంచిది, బూడిద రంగులో మసకగా ఉంటే అరిగిపోయింది. గీత కనిపిస్తే గోరు అడ్డంగా ఆనించండి. గోటికి తగిలితే ముల్లుకీ తగులుతుంది, టక్ టక్‌మంటుంది. మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నటి గీతలు దండిగా ఉన్నాయంటే చాలాసార్లు వాడారని. లేబుల్ మీద మైక్‌సెట్ కొట్టు ముద్ర ఉన్నదైతే నేను ముట్టుకోను. ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని వినాయక చవితులు చూసిందో దానికే తెలియాలి. ఘంటసాల గారి భగవద్గీత, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం ఎల్‌పీలు చాలా ఇళ్లలో ఉండేవి, ఇప్పటికీ బయటపడుతూనే ఉంటాయి. అరుదైనవని చెప్పి ఎక్కువ అడిగితే ఇవ్వకండి.

మీ ఆవిడ గారి అభ్యంతరం న్యాయమైనదే. మీరు చెప్పిన లెక్కకి ఈపీలు, ఎల్‌పీలు, 78లు అన్నీ కలిపినా అరలో ఓ అడుగు, అడుగున్నర పొడవు మించవు. ఆవిడ భయం ఉన్నవాటి గురించి కాదనుకుంటా, మీరు ఇకముందు తెచ్చేవాటి గురించి. ఆ ఒక్క అర దాటనని మాటివ్వండి. కొత్తది వస్తే పాతది ఒకటి బయటికి వెళ్లాలి. ఆ కట్టలో ఆవిడకి కావలసిన పాటలేవో అడిగి ముందు అవే కడగండి.

ఇప్పుడు పన్నెండు వేలు. మొత్తం కట్టని ఒకే ధరకి అడిగేవాళ్లకి సాధారణంగా అందులో రెండో మూడో కావాలి, మిగతావి అడ్డం. ఆయన్ని సూటిగా "మీకు ఏవి కావాలి?" అని అడగండి. ఆయన వేలు దేనిమీద పడుతుందో చూస్తే ఏది విలువైందో మీకూ తెలుస్తుంది. ఈలోగా ఒక నోట్‌బుక్‌లో ప్రతి ప్లేటు లేబుల్ మీదున్న నంబరు, పాడినవాళ్ల పేరు, వేగం రాసుకోండి. ప్లేయర్ వచ్చాక 78లని యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్లోకి ఎక్కించండి. ఎంపీ3గా కాకుండా వేవ్ ఫైలుగా దాచుకోండి, గరగర తీసే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు, ఫైలు పేరులో ఆ లేబుల్ నంబరే పెట్టండి. ఈ పని మీ అబ్బాయికి అప్పజెప్పండి, మీకన్నా త్వరగా చేస్తాడు. అది పూర్తయ్యాక రెండేసి ఉన్నవీ, మీకు నచ్చనివీ ఏరి, ఆయనతో ఒక్కో ప్లేటుకి విడివిడిగా బేరం చెయ్యండి.